నాన్న గట్టున పడేసిన పొట్లం, నా జీవశాస్త్రం మార్కులు

మా ఊరు చంద్రపూర్ జిల్లా రాజురా తాలూకాలో ఉంది. మా తాత పుట్టేనాటికి రాజురా ఆదిలాబాద్ జిల్లాలో, నిజాం రాజ్యంలో ఉండేది. 1956లో రాష్ట్రాల హద్దులు మారినప్పుడు ఊరు బొంబాయి వైపు వెళ్ళింది, భాష మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. అందుకే నాకు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, పదకొండో తరగతి నుంచి ఇంగ్లీషు పుస్తకం. ఈ మూడింటి మధ్య నలుగుతూ నీట్‌కు చదివేవాళ్ళు మా వైపు చాలామందే ఉన్నారు. జీవశాస్త్రంలో మార్కులు ఎలా పెంచుకున్నావని వాళ్ళలో కొందరు తరచూ ఫోన్ చేసి అడుగుతున్నారు కాబట్టి, ఒక్కొక్కరికీ చెప్పేకన్నా రాస్తే మేలనిపించింది.

2024లో మొదటిసారి రాసినప్పుడు జీవశాస్త్రంలో 360కి 231 వచ్చాయి. ఏ అధ్యాయంలో ఎన్ని పోయాయో కూర్చుని లెక్క తీస్తే సగానికి పైగా జన్యుశాస్త్రం, బయోటెక్నాలజీల దగ్గరే పోయాయి. 2025లో 318 వచ్చాయి. ఈ రెండింటి మధ్య ఏం మారిందో చెబుతాను. భౌతికశాస్త్రం గురించి మాత్రం నన్ను అడగకండి. 2025 పేపర్ రాసినవాళ్ళను ఆ మాట అడగకపోవడమే మర్యాద.

ముందు భాష సంగతి. తెలుగు ప్రశ్నపత్రం కావాలంటే తెలంగాణలోనో ఆంధ్రప్రదేశ్‌లోనో పరీక్ష కేంద్రం పెట్టుకోవాలి. నాకు తెలుగు మాట్లాడటం వచ్చినంతగా చదవడం రాదు కాబట్టి ఇంగ్లీషులోనే రాశాను. అయినా ఆసిఫాబాద్‌లో ఉండే మా మేనమామ పంపిన పాత తెలుగు ఇంటర్ పుస్తకం నాకు చేసిన మేలు ఇంతా అంతా కాదు. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే లక్షణాలను మరాఠీ బడిలో 'ప్రభావి', 'అప్రభావి' అని నేర్చుకున్నాను. అప్రభావి అంటే ప్రభావం లేనిది, ఓడిపోయినది అనుకుని అక్కడితో వదిలేశాను. తెలుగు పుస్తకంలో 'బహిర్గతం', 'అంతర్గతం' అని ఉంది. ఒకటి బయటపడుతుంది, ఇంకొకటి లోపల దాక్కుంటుంది. అక్షరాలు కూడబలుక్కుంటూ ఆ పేజీ చదివిన రోజు, మెండెల్ బఠానీల్లో పొట్టి మొక్క ఒక తరం మాయమై తర్వాతి తరంలో మూడుకు ఒకటిగా ఎలా తిరిగి వచ్చిందో మొదటిసారి అర్థమైంది. అది పోలేదు, లోపలే ఉంది. మీకు రెండు భాషలు వస్తే ఏ భాషలో మాట తేటగా ఉందో ఆ భాషలో ఆలోచించండి, జవాబు మాత్రం పేపర్ భాషలో గుర్తించండి.

ఇక పొట్లం సంగతి.

బీటీ పత్తి అంటే, బాక్టీరియా జన్యువు చేర్చి, కాయతొలుచు పురుగును చంపే విషం మొక్కలోనే తయారయ్యేలా చేసిన పత్తి. ఆ విత్తనం కొంటే 450 గ్రాముల సంచితో పాటు 120 గ్రాముల చిన్న పొట్లం ఒకటి వచ్చేది. అందులో ఉండేది బీటీ కాని పత్తి. చేను చుట్టూ అంచు వరుసల్లో వేయాలని దాని మీద రాసి ఉండేది. మా ఊళ్ళో దాన్ని వేసినవాళ్ళను నేను చూడలేదు. "పురుగుకు పీట వేసి మరీ పిలుస్తామా?" అంటూ నాన్న దాన్ని గట్టు మీదికి విసిరేసేవారు. ఆ గింజలతో ఆడుకుని నేను అమ్మ చేత తిట్లు తిన్నాను, అవి మందు పూసిన గింజలు మరి.

2017లో నాకు పదకొండేళ్ళు. ఆ ఏడు చేనంతా గుడ్డిపూలే. రేకులు విచ్చుకోకుండా గులాబీ మొగ్గలా ముడుచుకుపోయిన పువ్వును నాన్న తెంపి, బొటనవేలితో విప్పి నా ముందు పెట్టారు. లోపల బియ్యపుగింజంత పురుగు మెదులుతోంది. దాన్ని మరాఠీవాళ్ళు 'గులాబీ బోండ్ అళీ' అంటారు, మేము గులాబీరంగు పురుగు అంటాము. ఆ సంవత్సరమే పక్కన యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ రైతులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అది విన్న అమ్మ చాలా రోజులు స్ప్రే పంపును ఇంట్లోంచి కదలనివ్వలేదు. బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. ఆ విషాన్ని తయారుచేసే క్రై జన్యువులు రెండు ఉన్న రెండో రకం 2006లో వచ్చింది. పదేళ్ళు గడిచేసరికి పురుగు మా చేలో హాయిగా బతుకుతోంది.

ఇది ఎందుకు జరిగిందో నాకు రెండో ఏడాది తయారీలో, మెండెల్ అధ్యాయం మూడోసారి చదువుతుంటే తెలిసింది. విషాన్ని తట్టుకునే శక్తినిచ్చే యుగ్మవికల్పాన్ని, అంటే జన్యువు రూపాన్ని, చిన్న 'ఆర్' అనుకోండి, తట్టుకోలేనిదాన్ని పెద్ద 'ఆర్' అనుకోండి. ఒక్కో పురుగులో ఇవి రెండేసి ఉంటాయి. తట్టుకునే గుణం అంతర్గతం. కాబట్టి రెండూ చిన్నవే ఉన్న పురుగు మాత్రమే బీటీ చేలో బతుకుతుంది. అలాంటివి మొదట్లో ఎక్కడో ఒకటీ అరా ఉంటాయి. ఊరంతా బీటీయే వేస్తే బతికేవి అవే, జతకట్టేదీ వాటితో అవే, పుట్టేవన్నీ తట్టుకునేవే. అదే అంచు వరుసల్లో మామూలు పత్తి ఉంటే అక్కడ రెండూ పెద్ద 'ఆర్'లే ఉన్న పురుగులు వేలల్లో పెరుగుతాయి. బీటీ చేలో బతికి బయటపడిన ఆ ఒక్క పురుగు జతకట్టేది దాదాపు ఎప్పుడూ వీటితోనే. వాటి పిల్లలన్నీ విషమయుగ్మజాలు, అంటే ఒక పెద్ద 'ఆర్', ఒక చిన్న 'ఆర్' ఉన్నవి. తట్టుకునే గుణం లోపల దాక్కుంటుంది, బయటికి మాత్రం పురుగు మామూలుదే, బీటీ ఆకు తింటే చచ్చిపోతుంది.

అంటే పురుగుకు పీట వేయడమే ఆ పొట్లం పని. నాన్న దాని పనిని సరిగ్గానే కనిపెట్టారు, ఎందుకు వేయాలో మాత్రం ఎవరూ ఆయనకు చెప్పలేదు. శనగపచ్చ పురుగు కంది, శనగ, టమాటా కూడా తింటుంది కాబట్టి దానికి ఆ పంటలే పీట వేస్తాయి. గులాబీరంగు పురుగుకు దాదాపుగా పత్తి ఒక్కటే తిండి, అందుకే ఇది ముందుగా తట్టుకోవడం నేర్చింది. ఇదంతా నోటుపుస్తకంలో గళ్ళు గీసి నాన్నకు చూపిస్తే, చాలాసేపు చూసి, "ఇది దుకాణంలో చెప్పి ఉంటే వేసేవాణ్ణి" అన్నారు. నిజంగా వేసేవారో లేదో, నాకు ఇప్పటికీ అనుమానమే.

అలా చేను నాకు ఒక అధ్యాయం నేర్పింది. చేనే నా చేత మార్కులూ పోగొట్టించింది.

చంద్రపూర్‌లో నేను చదివిన కోచింగ్‌లో ఒక నమూనా పరీక్షలో, క్రై ఒకటి ఏసీ, క్రై రెండు ఏబీ జన్యువులు పత్తి కాయతొలుచు పురుగులను అదుపు చేస్తాయన్న వాక్యం సరైనదా కాదా అని అడిగారు. కాదని గుర్తించాను. పురుగు బతికి ఉండటం నా కళ్ళతో చూశాను కదా! మార్కులు పోయి గొడవపడితే మా సారు నవ్వి, "ప్రశ్న మీ నాన్నగారి చేను గురించి కాదయ్యా, పుస్తకం గురించి" అన్నారు. ఆ రోజు ఒప్పుకోవడానికి మనసు రాలేదు కానీ మర్నాటి నుంచి నోటుపుస్తకంలో పేజీ మధ్యన గీత గీశాను. ఎడమవైపు పుస్తకంలో ఉన్నది, కుడివైపు చేలోనో పత్రికలోనో ఉన్నది. రసం పీల్చే పచ్చదోమ, తెల్లదోమ మీద బీటీ పనిచేయదన్నది కుడివైపుకు వెళ్ళింది. కలుపుమందును తట్టుకుంటుందని మా దగ్గర దొంగచాటుగా అమ్మే 'చోర్ బీటీ'కి అనుమతి లేదన్నదీ కుడివైపుకే. జన్యుమార్పిడి పంటలను పరిశీలించే కేంద్ర సంఘం జీఈఏసీ పేరులో 'ఏ' అంటే నా పుస్తకంలో అప్రూవల్, పత్రికల్లో అప్రైజల్. ఆ సంఘం పేరు 2010లో మారింది. అలాంటి చోట రెండూ రాసుకుని, పరీక్షలో ఏది వస్తే దాన్ని గుర్తుపట్టేలా పెట్టుకున్నాను. పరీక్షకు నెల ముందు నుంచి ఎడమవైపు మాత్రమే చదివాను.

ఎడమవైపు ఎక్కువసార్లు తప్పిన ప్రశ్న ఇది: బీటీ విషం దాన్ని తయారుచేసే బాసిల్లస్ బాక్టీరియానే ఎందుకు చంపదు? బాక్టీరియాలో ఆ ప్రొటీను నిద్రాణంగా, స్ఫటిక రూపంలో ఉంటుంది. పురుగు పేగులో క్షారగుణం తగిలాకే కరిగి, మేల్కొని, పేగు గోడ కణాలకు అతుక్కుని చిల్లులు పొడుస్తుంది. 'క్షారం' అన్న ఒక్క మాట తీసి 'ఆమ్లం' అని పెడితే చాలు, పరీక్షల తొందరలో సగంమంది పడిపోతారు. నేను రెండుసార్లు పడ్డాను.

ఇంటి ఉదాహరణ మోసం చేసిన చోటు ఇంకొకటి ఉంది. డీఎన్ఏను కత్తిరించే రెస్ట్రిక్షన్ ఎంజైములు గుర్తుపట్టే డీఎన్ఏ అక్షరాల వరుసను పాలిండ్రోమ్ అంటారు. మనకు వెంటనే 'వికటకవి' గుర్తొస్తుంది, ఎటు చదివినా ఒకటే. ఈకో ఆర్ వన్ అనే ఎంజైము గుర్తుపట్టే వరుస జీ, ఏ, ఏ, టీ, టీ, సీ. దీన్ని వెనక నుంచి చదవండి: సీ, టీ, టీ, ఏ, ఏ, జీ. ఒకటి కాదు! చాలా రోజులు ఇది నాకు కొరుకుడు పడలేదు. డీఎన్ఏలో రెండు పోగులు ఉంటాయి, ఎదురెదురు దిక్కుల్లో నడుస్తాయి. ఒక్కో పోగు రెండు కొసలను ఐదు, మూడు అంటారు. ఒక పోగును ఐదు నుంచి మూడు దిక్కుగా చదివితే వచ్చే వరుసే, ఎదుటి పోగును దాని ఐదు నుంచి మూడు దిక్కుగా చదివినా రావాలి. వికటకవిని ఒకే పోగు మీద వెతుకుతూ కూర్చుంటే దొరకదు. నాలుగు వరుసలిచ్చి వీటిలో పాలిండ్రోమ్ ఏదని అడిగితే, ఒకే పోగు మీద ఎటు చదివినా ఒకటిగా ఉండే వరుసను ఎరగా పెడతారు, చూసుకోండి.

కొత్త జన్యువును బాక్టీరియాలోకి మోసుకెళ్ళే చిన్న డీఎన్ఏ వలయం పీబీఆర్ 322 బొమ్మను రోజూ పొద్దున్నే చూడకుండా గీసేవాణ్ణి, కరెంటు బిల్లు వెనకైనా సరే. పీఎస్‌టీ వన్, పీవీయూ వన్ ఎంజైములు కత్తిరించే చోట్లు ఆంపిసిలిన్ ఇంట్లో, అంటే ఆ మందును తట్టుకునే జన్యువులో ఉంటాయి. బామ్, సాల్ టెట్రాసైక్లిన్ ఇంట్లో ఉంటాయి. పీవీయూ టూ మాత్రం తమ్ముణ్ణి వదిలేసి రాప్ అనే ఇంకో జన్యువులో ఇల్లరికం ఉంటుంది. బామ్ దగ్గర కొత్త జన్యువును చొప్పిస్తే టెట్రాసైక్లిన్‌ను తట్టుకునే శక్తి పోతుంది, ఆంపిసిలిన్‌ను తట్టుకునేది మిగులుతుంది. ఇంతవరకు కళ్ళు మూసుకుని చెప్పగలిగితే ఆ ప్రశ్నలో పొరపాటు రాదు. శాస్త్రవేత్తల పేర్లు, సంవత్సరాల పట్టిక సంగతి ప్రత్యేకంగా చెప్పేదేమీ లేదు, బట్టీయే.

సంభావ్యత లెక్కలు మాత్రం నాకు ఇంట్లోనే ఎదురయ్యాయి. 2023 జూలైలో కేంద్రం సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. ఆ తర్వాత మా ఉపకేంద్రంలో అక్క రక్తం పరీక్ష చేసి 'ఏఎస్' అని, అంటే ఒక మామూలు జన్యువు, ఒక జబ్బు జన్యువు ఉన్నాయని కార్డు ఇచ్చారు. అమ్మానాన్నలకు చేస్తే ఇద్దరూ ఏఎస్‌యే. బీటా గ్లోబిన్ ఆర్ఎన్ఏలో జీఏజీ కాస్తా జీయూజీ అయి, ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలిన్ వస్తుందని నేను అప్పటికి వందసార్లు చదివాను. కార్డు చేతిలోకి వచ్చాక ఆ వాక్యం వేరుగా వినిపించింది. "నీకూ ఉంటుందా?" అని అమ్మ అడిగితే, నాలుగులో రెండు కాబట్టి సగం అవకాశమని చెప్పేశాను. రాత్రి పడుకున్నాక తప్పు తెలిసింది. నాకు జబ్బు లేదు కాబట్టి 'ఎస్ఎస్' గడి ముందే కొట్టేయాలి. మిగిలినవి మూడు గళ్ళు, వాటిలో రెండు ఏఎస్. జవాబు మూడింట రెండు. 'ఆరోగ్యంగా ఉన్న సంతానం' అన్న మాట ప్రశ్నలో కనబడితే మొదట ఒక గడి కొట్టేయండి. తర్వాత నాకు పరీక్ష చేస్తే 'ఏఏ' వచ్చింది. అక్కకు సంబంధాలు చూస్తున్నారు. ఎవరొచ్చినా ముందు అబ్బాయి కార్డు అడగాలని నాన్న పట్టుబట్టారు. జాతకం తర్వాత చూద్దామంటే అమ్మ మూడు రోజులు మాట్లాడలేదు.

పరీక్ష 2025 మే 4న, ఆదివారం. చంద్రపూర్ మే నెల ఎండ గురించి తెలియనివాళ్ళకు చెప్పినా నమ్మరు. రెండు గంటల నుంచి ఐదు దాకా 180 ప్రశ్నలు, ఎంచుకుని రాసే ఐచ్ఛిక ప్రశ్నలేవీ లేవు. జీవశాస్త్రాన్ని ముందు పట్టుకుని యాభై నిమిషాల్లో ముగించాను, అనుమానం ఉన్న ఏడు ప్రశ్నలను చివరికి ఉంచాను. వాటిలో మూడు వదిలేశాను. తప్పుకు ఒక మార్కు పోతుంది కాబట్టి, రెండు జవాబుల మధ్య ఊగుతున్నప్పుడు మాత్రమే తెగించాలని ముందే అనుకున్నాను.

తిరుగు బస్సు బల్లార్‌పూర్ దాటి వర్ధా వంతెన ఎక్కేసరికి ఫోనులో వార్త కనిపించింది. జన్యు సవరణ చేసిన రెండు వరి రకాలను ఆ రోజే ఢిల్లీలో కేంద్ర వ్యవసాయ మంత్రి ప్రకటించారు. ఒకటి హైదరాబాద్‌లో సాంబ మసూరి నుంచి తీసిన కమల, ఇంకొకటి మన కాటన్‌దొర సన్నాలు నుంచి తీసినది. నాన్నకు చదివి వినిపించాను. ఇందులో బయటి జన్యువు పెట్టలేదు, వరిలో ఉన్నదాన్నే కొద్దిగా మార్చారని చెప్పాను. ఆయన కిటికీలోంచి నది ఇసుక చూస్తూ విన్నారు.

"దీనికి కూడా పక్కన పొట్లం ఇస్తారా?"

ఇవ్వరన్నాను. అది పురుగుల కోసం చేసింది కాదన్నాను.

"ఇస్తే ఈసారి పారేయనులే" అన్నారు.