ఉపాధ్యక్ష పీఠం నుంచి మేయరు కుర్చీకి

ఫిలిప్పీన్స్‌కు ఆరేళ్ళు ఉపాధ్యక్షురాలిగా ఉన్న లెనీ రొబ్రెడో అనే న్యాయవాది 2025లో సొంత ఊరికి మేయరుగా పోటీ చేసి గెలిచారని నేను కోర్టు ఆవరణలో వేపచెట్టు కింద టీ తాగుతూ చెప్పినప్పుడు, మా సీనియరు గారు గ్లాసు గట్టు మీద పెట్టి, "అదేంటమ్మా, అంత పైకి వెళ్ళినావిడ మళ్ళీ మున్సిపాలిటీకి రావడమేంటి?" అన్నారు.

ఆయన ఆశ్చర్యంలో తప్పులేదు. వార్డు మెంబరు, సర్పంచి, ఎమ్మెల్యే, మంత్రి అంటూ రాజకీయాన్ని మనం కొబ్బరిచెట్టు ఎక్కడంలాగే లెక్కవేస్తాం. ఎక్కినవాడు కిందికి వచ్చాడంటే కాలు జారిందనే అనుకుంటాం. రాజమండ్రిలో ప్లీడరీ చేస్తూ పురపాలక సంఘానికి అధ్యక్షుడైన టంగుటూరి ప్రకాశం పంతులు గారు, తర్వాత బారిస్టరై, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి కావడం మనకు అర్థమయ్యే దారి. లెనీ రొబ్రెడో దానికి ఎదురు నడిచారు. అయితే ఆవిడ వకీలు వృత్తి ఎక్కడ, ఎవరి మధ్య సాగిందో చూస్తే నాకది దిగడంలా అనిపించలేదు.

ఆవిడ పుట్టిన నాగా నగరం లుజోన్ ద్వీపపు ఆగ్నేయ భాగాన, బికోల్ నది పరీవాహక ప్రాంతంలో ఉంది. వరి, కొబ్బరి, ఏటా తుపాన్లు, ఊళ్ళలోకి వచ్చే వరదనీరు: కోనసీమ వాళ్ళకు ఆ నేలను ప్రత్యేకంగా వర్ణించి చెప్పనక్కరలేదు. తండ్రి న్యాయమూర్తి. నియంత పెద్ద మార్కోస్ పాలన కూలిన 1986లోనే ఆవిడ మనీలాలో అర్థశాస్త్ర పట్టా పుచ్చుకుని, తిరిగివచ్చి బికోల్ నదీ పరీవాహక అభివృద్ధి కార్యక్రమంలో ఉద్యోగంలో చేరారు. ఆ కార్యక్రమానికి అధిపతిగా ఉన్న జెస్సీ రొబ్రెడోను మరుసటి ఏడాది పెళ్ళి చేసుకున్నారు. 1988లో ఆయన 29 ఏళ్ళకే నాగా మేయరయ్యారు. సంసారం నడుపుకుంటూనే ఆవిడ 1992లో లా పూర్తిచేశారు. బార్ పరీక్ష మొదటిసారి తప్పి, 1997లో గట్టెక్కారు. (మొదటిసారి తప్పినవారంటే నాకు కొంచెం పక్షపాతం ఎక్కువే, కారణం అడగవద్దు.)

మేయరు భార్యకు పట్టణంలో పెద్ద కక్షిదారులు కరువుకారు. ఆవిడ మాత్రం కొంతకాలం ప్రభుత్వ ఉచిత న్యాయసహాయ విభాగంలో పనిచేసి, తర్వాత సాలిగాన్ అనే న్యాయవాదుల సంస్థలో చేరారు. రైతులకు, జాలరులకు, పల్లెటూరి స్త్రీలకు, కూలీలకు న్యాయసహాయం చేయడం ఆ సంస్థ పని. కేసు వాదించి ఊరుకోకుండా, చట్టంలో తమకేం హక్కు ఉందో ఊరివాళ్ళే తెలుసుకుని తోటివారికి చెప్పగలిగేలా తర్ఫీదు ఇవ్వడం వారి పద్ధతి. దాని విలువ నా వృత్తిలో నాకు రోజూ తెలిసివస్తూనే ఉంటుంది. మా దగ్గర 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు కార్డు కావాలంటే భూయజమాని సంతకం కావాలి. యజమాని సంతకం పెట్టడు. తుపానుకు చేను పడిపోయాక కౌలురైతు నా దగ్గరకు వచ్చేసరికి నష్టం జాబితా మూసేసి ఉంటుంది. అప్పుడు వకీలు చేయగలిగేది కొంచెమే. జాబితా రాసే రోజున ఊళ్ళో ఆ చట్టం తెలిసినవాడు ఒక్కడుంటే చేయగలిగేది చాలా ఉంటుంది.

అక్కడ స్థానిక ప్రభుత్వాలకు అధికారాలూ నిధులూ బదిలీ చేసే చట్టం 1991లో వచ్చింది. పంచాయతీలకు అధికారాలిచ్చే మన 73వ రాజ్యాంగ సవరణ 1992 నాటిది. వయసులో రెండూ అక్కాచెల్లెళ్ళే, పెంపకంలోనే తేడా వచ్చింది. జెస్సీ హయాంలో నాగా నగరం 1990లలోనే ఒక శాసనం చేసుకుని, ప్రజాసంఘాల ప్రతినిధులు నగర కమిటీలలో కూర్చుని చర్చించి ఓటు వేసే ఏర్పాటు చేసింది. మన రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాలున్నాయి. మా ఊరి గ్రామసభలో ఇరవై తొమ్మిది మంది కనిపించిన రోజు నాకు గుర్తులేదు.

2012 ఆగస్టు 18న, అప్పటికి కేంద్రంలో మంత్రిగా ఉన్న జెస్సీ ఇంటికి వస్తున్న చిన్న విమానం మస్బాతే దగ్గర సముద్రంలో కూలింది. మరుసటి ఏడాదే లెనీ, ఆ ప్రాంతంలో పాతుకుపోయిన రాజకీయ కుటుంబపు అభ్యర్థిని ఓడించి ప్రతినిధుల సభకు వెళ్ళారు. మనీలాకు, నాగాకు మధ్య మామూలు బస్సులోనే తిరిగేవారు. ప్రభుత్వ సంస్థల బడ్జెట్లు, టెండర్లు ప్రజల ముందు పెట్టాలనే బిల్లు ప్రతిపాదించారు. 2016లో పాత నియంత కొడుకు చిన్న మార్కోస్ మీద 2,63,473 ఓట్ల తేడాతో ఉపాధ్యక్షురాలయ్యారు. ఆయన కేసు వేశారు. మూడు ప్రావిన్సులలో బ్యాలెట్లు తిరిగి లెక్కించగా ఆవిడ ఆధిక్యం మరో 15,093 పెరిగింది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా కేసు కొట్టేశారు. వేసినవాడికే ఎదురుతిరిగిన దావా ఏ కోర్టులోనైనా వినసొంపుగానే ఉంటుంది. 2022లో అధ్యక్ష పదవికి అదే మార్కోస్ చేతిలో ఆవిడ చిత్తుగా ఓడిపోయారు. వెంటనే ఒక స్వచ్ఛంద సంస్థ పెట్టుకున్నారు. 2024 అక్టోబరు తుపానులో నాగా మునిగినప్పుడు ఆ సంస్థ సహాయం చేసింది. 2025 జూన్ 30న ఆవిడ ఆ నగరానికి తొలి మహిళా మేయరయ్యారు.

ఇదంతా విన్నాక సీనియరు గారు చల్లారిన టీ తాగేసి, "అయితే ఆవిడ ఎప్పుడూ చేసిన పనే ఇప్పుడూ చేస్తోందన్నమాట" అన్నారు. అప్పటికే నా కక్షిదారు, లంకలో ఎకరంన్నర కౌలు చేసే పెద్దాయన, పంచె ఎగ్గట్టుకుని వచ్చి వేపచెట్టు గట్టు పక్కనే నిలబడి ఉన్నాడు. సమాచార హక్కు కింద ముప్పై రోజులు ఎదురుచూసి తెప్పించిన నష్టం జాబితాలో ఆయన చేనుంది, సర్వే నంబరుంది, హైదరాబాదులో ఉండే యజమాని పేరుంది. "మన పేరు ఏ పేజీలో ఉందండి?" అని అడిగాడు.