డీబగ్గర్‌కు హద్దులు గీసిన రోజు

ఈ రోజు ఉదయమంతా ఒక్క పేజీతోనే గడిచింది. దాదాపు నాలుగు వేల వరుసలున్న పట్టిక అది. పైనున్న సెర్చ్ పెట్టెలో ఒక్కో అక్షరం కొట్టినప్పుడల్లా తెర కాసేపు బిగుసుకుపోయి ఆ తర్వాతే కదులుతోంది. తప్పు నా కోడ్‌లోనే ఉందని నమ్మి, వరుసలను వడకట్టే ఫంక్షన్‌ను రెండుసార్లు తిరగరాశాను. ఫలితం లేకపోయింది. చివరికి అదే పేజీని ఇన్‌కాగ్నిటో విండోలో తెరిస్తే, అక్షరాలు వేళ్ల వెంటే పడ్డాయి.

రెండు విండోలకూ తేడా ఏమిటని ఆలోచించగానే, బ్రౌజర్‌కు మనం అదనంగా జోడించుకునే ఎక్స్‌టెన్షన్లు గుర్తుకొచ్చాయి. మనం విడిగా అనుమతిస్తే తప్ప క్రోమ్ వాటిని ఇన్‌కాగ్నిటోలో నడవనివ్వదు. మామూలు విండోకు తిరిగి వచ్చి, పేజీ వేగాన్ని కొలిచే పర్ఫార్మెన్స్ ప్యానెల్‌లో రికార్డింగ్ మొదలుపెట్టి, మూడక్షరాలు కొట్టి ఆపాను. స్క్రిప్టులు నడిచిన సమయాన్ని చూపే పొడవాటి పసుపు పట్టీల మీద ఒక్కొక్కదానిపై మౌస్ ఉంచి చూస్తే, చాలావాటిలో కనిపించింది నా ఫైలు పేరు కాదు, కోడ్‌లో తప్పులు వెతకడానికి నేను వాడే డీబగ్గింగ్ ఎక్స్‌టెన్షన్ చిరునామా. పేజీలో ఏ భాగం మారినా దాని స్థితిని నకలు తీసి తన ప్యానెల్‌కు పంపడం ఆ ఎక్స్‌టెన్షన్ పని. నాలుగు వేల వరుసలు ఒక్కసారిగా మారితే అది ఎంత నకలు తీయవలసి వస్తుందో నేను ముందే ఊహించి ఉండవలసింది.

ఎక్స్‌టెన్షన్ వివరాల పేజీ తెరిచి చూశాను. సైట్ యాక్సెస్ దగ్గర మూడు ఎంపికలున్నాయి: క్లిక్ చేసినప్పుడు, ఎంచుకున్న సైట్లలో, అన్ని సైట్లలో. నాది మూడవదానిపై ఉంది. అంటే నేను డీబగ్ చేసే పేజీల్లోనే కాక, చదువుకునే వార్తల్లో, ఉత్తరాల్లో, బ్యాంకు ఖాతా పేజీలో కూడా ఇన్నాళ్లూ అది నడుస్తూనే ఉంది. అన్ని వెబ్‌సైట్లలోని డేటాను చదవగలదు, మార్చగలదు అని ఇన్‌స్టాల్ చేసే వేళ వచ్చిన హెచ్చరికను దాటేసిన మాట నిజమే, కానీ ఆ వాక్యంలో నా బ్యాంకు పేజీ కూడా ఉందని ఈ రోజే మనసుకు తట్టింది.

మొదట "క్లిక్ చేసినప్పుడు" ఎంచుకున్నాను. జాగ్రత్త దృష్ట్యా అదే మేలైనది, కానీ ఇటువంటి పరికరానికి అది అంతగా కుదరదు. పేజీకి పునాదిగా వాడిన ఫ్రేమ్‌వర్క్ కోడ్ మొదలవకముందే పరికరం తన కొక్కెం తగిలించుకోవాలి. ఆ కొక్కెం కనిపిస్తేనే ఫ్రేమ్‌వర్క్ దానికి సమాచారం అందిస్తుంది. పేజీ పూర్తిగా లోడయ్యాక క్లిక్ చేస్తే ఆ అదను దాటిపోయి ఉంటుంది, అందుకే క్రోమ్ పేజీని మళ్లీ లోడ్ చేయమంటుంది. రోజులో ఎన్నోసార్లు కొత్త ట్యాబులు తెరిచే నాకు, నింపిన ఫారం ప్రతిసారీ చెరిగిపోవడం భరించదగినది కాదు.

కనుక రెండవ ఎంపికకు మారి, జాబితాలో లోకల్‌హోస్ట్‌ను, అంటే నా సొంత యంత్రాన్నే సూచించే పేరును, చేర్చాను. ఒక ప్రాజెక్టులో ఐకాన్ వెలిగింది, మరొకదానిలో బూడిద రంగులోనే ఉండిపోయింది. పావుగంట వెతికాక అడ్రస్ బార్ చూస్తే, అక్కడున్నది 127.0.0.1. రెండూ ఇదే యంత్రానికి దారి తీసినా, బ్రౌజర్ దృష్టిలో అవి రెండు వేర్వేరు హోస్టులు. దానిని కూడా చేర్చాను. డిస్కులోని ఫైళ్లను నేరుగా తెరిచేందుకు మరో స్విచ్ ఉంది, అది నాకు అవసరం లేదు.

పరీక్షల సర్వర్ దగ్గర మరికొంత ఆలోచించవలసి వచ్చింది. అక్కడ కోడ్‌లోని ఒక్కో బ్రాంచికీ, అంటే విడిగా సాగే ఒక్కో ప్రతికీ, ఒక్కో సబ్‌డొమైన్ పుడుతుంది కాబట్టి, ఏ పేరైనా సరే అని చెప్పే నక్షత్రపు గుర్తు పేరు ముందు తప్పదు. అయితే ఆ గుర్తును అసలు డొమైన్ ముందే పెడితే, వినియోగదారులు వాడే సైటు కూడా ఆ పరిధిలోకి వచ్చేస్తుంది. అందువల్ల పరీక్షలకు కేటాయించిన సబ్‌డొమైన్ పేరు ముందు మాత్రమే దానిని ఉంచాను.

ఈ పని చేస్తున్నంతసేపూ ఫైర్‌బగ్ గుర్తుకు వస్తూనే ఉంది. 2006లో జో హెవిట్ విడుదల చేసిన ఆ ఫైర్‌ఫాక్స్ డీబగ్గింగ్ ఎక్స్‌టెన్షన్‌లో, ఏ సైటులో మనం తెరిస్తే ఆ సైటులోనే పురుగు బొమ్మకు రంగు వచ్చేది. మిగతాచోట్ల బూడిద రంగులోనే ఉండేది. కన్సోల్, స్క్రిప్ట్, నెట్ ప్యానెళ్లను కూడా విడివిడిగా ఆపుకోవడం వీలయ్యేది. నాకు చేతనైన అలవాటే అది. ఎప్పుడు జారవిడిచానో మాత్రం గుర్తు లేదు.

సాయంత్రం ఆ పట్టికను మళ్లీ తెరిచాను. ఈ ఒక్క పేజీ వేగం కొలిచేంతవరకు ఎక్స్‌టెన్షన్‌ను పూర్తిగా ఆపి, మూడక్షరాలు కొట్టి చూశాను. పసుపు పట్టీలు సన్నబడ్డాయి, మిగిలినవన్నీ నా ఫైళ్లవే. ఉదయం రెండుసార్లు తిరగరాసిన ఫంక్షన్‌ను పాత రూపానికే మార్చేశాను.