గ్లాసు కింద గులాబీ పొడి

మొన్న రాత్రి గట్టి వాన. పొద్దున చూస్తే చేను గట్టు మీద గడ్డిలో, చెదపుట్ట చుట్టూ బొరుగులు చల్లినట్టు బుల్లి బుల్లి తెల్ల పుట్టగొడుగులు. ఒక్కోటి రూపాయి బిళ్ళంత, నడిమధ్యలో చిన్న మొన. "పుట్ట దగ్గరివే, కూరకు పనికొస్తాయిరా" అంది అమ్మమ్మ. నాకేమో టెన్షన్. గడ్డిలో మొలిచే తెల్లవాటిలో విషపువీ ఉంటాయి కదా!

గొడుగు అడుగునుంచి రాలే బీజాల పొడి రంగును బట్టి రకం పోల్చుకుందామని, రెండింటి కాడలు కోసేసి, గొడుగులను కాగితం మీద పెట్టి గ్లాసు బోర్లించా. తెల్లారి తీస్తే లేత గులాబీ పొడి, సన్నటి గీతలుగా, ముగ్గేసినట్టు. లాన్లలో వచ్చి వాంతులు పట్టించే క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటిస్ అయితే పొడి ఆకుపచ్చగా రాలుతుంది. అదీకాక అది అరచేయంత పెరుగుతుంది. ఇవి టెర్మిటోమైసిస్ మైక్రోకార్పస్ లాగే ఉన్నాయి. చెదలు పుట్టలోంచి బయటికి మోసి పడేసిన బూజు ముక్కల మీద గుంపుగా మొలిచే రకం అది.

అయినా ధైర్యం చాల్లేదు. గులాబీ పొడి రాల్చే ఎంటొలోమా అనే పుట్టగొడుగులూ ఉన్నాయి, వాటిలో కొన్ని విషం. ఇంకా చూడాలని వంటింట్లోకి వెళ్తే గిన్నె ఖాళీ. ముందురోజే ఉల్లిపాయ, కారం వేసి వండుకుని తినేసిందట. "నువ్వు గ్లాసు కింద దాచినవి రెండే మిగిలాయి" అంది.