పాత ల్యాప్‌టాప్‌కు వేగమైన వైఫై కార్డు: నా అనుభవం

నల్గొండలో మా ఇంటికి 100 ఎంబీపీఎస్ ఫైబర్ లైన్ ఉన్నా, పాత ల్యాప్‌టాప్‌లో 35 దాటకపోయేది. కమాండ్ ప్రాంప్ట్‌లో ‘నెట్‌ష్ వ్లాన్ షో డ్రైవర్స్’ (netsh wlan show drivers) కొట్టి చూస్తే కారణం తెలిసింది: పాత వైఫై రకాలైన బీ, జీ, ఎన్ తప్ప వేరేది లేదు. అది ఒకే యాంటెనా మీద నడిచే 2.4 గిగాహెర్ట్జ్ కార్డు. 20 మెగాహెర్ట్జ్ చానెల్‌లో లింకు (కార్డుకు, రౌటర్‌కు నడుమ వేగం) 72 ఎంబీపీఎస్ చూపిస్తది, చేతికొచ్చేది దాంట్లో సగం. రౌటర్ ఎక్కువ వేగమిచ్చే 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ ఇయ్యకపోతే కార్డు మార్చినా పెద్ద లాభముండదు, ముందు అది చూసుకోవాలి.

కార్డు కొనకముందే అడుగు మూత తీసి చూడాలి. 2014కు ముందటి వాటిలో ఎక్కువగా హాఫ్ మినీ పీసీఐఈ అనే పాత రకం కార్డు స్లాటు, తర్వాతి వాటిలో ఎం.2 2230 అనే కొత్త రకం ఉంటది. ఎం.2 అయితే ఇంటెల్ ఏఎక్స్200 తీసుకోవచ్చు, కానీ దాని డ్రైవరు విండోస్ 10 64 బిట్ నుంచే ఉన్నది. ఏఎక్స్201 మాత్రం కొనొద్దు. అది సీఎన్‌వీఐ రకం, సగం పని ప్రాసెసర్ దిక్కే జరగాలి, పాత వాటిలో ఆ ఏర్పాటు లేదు. పాత స్లాటులో చక్కగనే కూర్చుంటది, సిస్టమ్‌కు మాత్రం కనబడది.

నా దాంట్లో మినీ పీసీఐఈ కాబట్టి ఇంటెల్ 7260 ఏసీ (ఎన్ తర్వాతి వైఫై రకం) పెట్టిన. అడాప్టర్ వేసి ఎం.2 కార్డు పెట్టొచ్చు కానీ, పాత యాంటెనా తీగల కొనలు పెద్దవి, ఎం.2 కార్డు మీది ఎంహెచ్ఎఫ్4 అనే చిన్న సాకెట్లకు పట్టవు. రెండు యాంటెనాలుంటే 7260 లింకు 867 వరకు పోతది, ఒకటే ఉంటే 433. కొన్ని చవక మోడళ్లలో రెండో తీగే ఉండదు.

ఇంకొకటి బయాస్ (ఆన్ చెయ్యంగనే ముందు నడిచే ప్రోగ్రాం) లాక్. ఆ కాలంలో కొన్ని కంపెనీలు తమ జాబితాలోని కార్డులనే ఒప్పుకునేటట్టు చేసినయి. వేరేది పెడితే ఆన్ చెయ్యంగనే ఎర్రర్ చూపించి ఆగిపోతది. అట్లాంటి మోడల్‌కు ఆ కంపెనీ పార్టు నంబరున్న కార్డే వెతకాలి, లేకుంటే యూఎస్‌బీకి పెట్టే వైఫై డాంగిల్‌తో సరిపెట్టుకోవాలి.

పాత కార్డు పీకకముందే డ్రైవరు పెన్‌డ్రైవ్‌లో వేసి పెట్టుకున్న. బ్యాటరీ తీసి, పవర్ బటన్ కాసేపు ఒత్తి పట్టుకొని, తీగల ఫొటో తీసుకోవాలి. మెయిన్ (మొదటి), ఆక్స్ (రెండో) యాంటెనా తీగల రంగులు కంపెనీకొక తీరు. తీగ పట్టి గుంజొద్దు, కొన కింద గోరు పెట్టి నిటారుగా లేపాలి. ఆ కనెక్టర్లు ముప్పై సార్లు తీసిపెట్టడానికే తయారైనయి. పెట్టేటప్పుడు సరిగ్గా మీద ఆనించి, టిక్కుమనేదాకా ఒత్తాలి. వంకరగా ఒత్తితే నడిమి పిన్ను వంగుతది.

డ్రైవరు పడ్డంక డివైస్ మేనేజర్‌లో ప్రిఫర్డ్ బ్యాండ్ 5 గిగాహెర్ట్జ్ పెట్టిన. రౌటరున్న గదిలో లైనుకున్న వేగమంతా వస్తున్నది. వైఫై వచ్చి బ్లూటూత్ రాకపోతే కార్డును తప్పుపట్టొద్దు: బ్లూటూత్ స్లాటులోని యూఎస్‌బీ పిన్నుల మీద నడుస్తది, కొన్ని బోర్డుల్లో ఆ లైను ఉండదు.

మా దిక్కు రాతి గోడల పాత ఇండ్లలో 5 గిగాహెర్ట్జ్ రెండో గోడ దాటేసరికి పడిపోతది. అక్కడ ఇంకా ఖరీదైన కార్డు కొనే బదులు, లోపలి గదికి క్యాట్6 నెట్‌వర్క్ తీగ లాగి, అక్కడ వైఫై ఇచ్చే ఒక యాక్సెస్ పాయింట్ పెట్టించడం మేలు.