ఎడమవైపు వదిలిన నీళ్లు

ఉపనయనం అయినవాళ్లు రోజూ సంధ్యవేళల్లో చేసే సంధ్యావందనంలో అఘమర్షణం, అంటే పాపం వదిలించుకోవడం, అని ఒక చిన్న పని ఉంది. కుడి అరచేతిలో కాసిని నీళ్లు తీసుకుని, ముక్కు దగ్గరకు తెచ్చి, మంత్రం చెప్పి, వాటి మీదకు ఊపిరి వదిలి, ఎడమపక్క నేల మీద విడిచిపెట్టాలి. విడిచిన వైపు చూడకూడదు. అంతే, అరనిమిషం పని. కానీ ఇందులో తప్పు జరిగేది ఆ చివరి దగ్గరే. నీళ్లు చాప మీద పడ్డాయేమో, గచ్చు తడిసిందేమో అని చెయ్యి దులపకముందే తల అటు తిరుగుతుంది. అపార్ట్‌మెంట్లో చేసుకునేవాళ్లు ఎడమపక్క ముందే ఒక పళ్లెం పెట్టుకుంటే ఈ బెంగ ఉండదు. తర్వాత ఆ నీళ్లను ఎవరూ తొక్కని చోట పోస్తే సరి.

చూడకూడదు అనే నియమం ఊరికే పెట్టింది కాదని, దానికి కాస్త ముందు చేసే మంత్రాచమనం, అంటే మంత్రం చెప్పి కాసిని నీళ్లు మింగడం, చూస్తే తెలుస్తుంది. సాయంసంధ్యలో చెప్పేది ఇది:

అగ్నిశ్చ మా మన్యుశ్చ మన్యుపతయశ్చ మన్యుకృతేభ్యః
పాపేభ్యో రక్షంతామ్
యదహ్నా పాపమకార్షమ్
మనసా వాచా హస్తాభ్యామ్
పద్భ్యాముదరేణ శిశ్నా
అహస్తదవలుంపతు
యత్కించ దురితం మయి
ఇదమహం మామమృతయోనౌ
సత్యే జ్యోతిషి జుహోమి స్వాహా

తైత్తిరీయ ఆరణ్యకం పదో ప్రపాఠకంలో, అంటే మహానారాయణోపనిషత్తులో ఉన్న మంత్రం. పొద్దున అయితే 'అగ్నిశ్చ' బదులు 'సూర్యశ్చ', 'యదహ్నా' బదులు 'యద్రాత్ర్యా', 'అహస్తత్' బదులు 'రాత్రిస్తత్', 'సత్యే జ్యోతిషి' బదులు 'సూర్యే జ్యోతిషి'. అలవాటు మీద సాయంత్రం కూడా 'సూర్యశ్చ' అని మొదలుపెట్టి మధ్యలో నాలిక్కరుచుకోవడం మామూలే.

'అకార్షమ్' అంటే 'చేశాను'. జరిగిపోయింది అనో, పరిస్థితులు అలా వచ్చాయి అనో కాదు. నేను చేశాను. దేనితో చేశానో కూడా వరసగా చెప్పాలి: మనసుతో, మాటతో, చేతులతో, కాళ్లతో, పొట్టతో, జననేంద్రియంతో. విచిత్రం ఏమిటంటే అదే ఉపనిషత్తులో ఇంకోచోట 'కామోకార్షీత్' అనే మంత్రం ఉంది. అక్కడ 'చేసింది కోరిక, నేను కాదు' అని ఉంటుంది. రోజూ రెండు పూటలా చెప్పేదానిలో మాత్రం ఆ వెసులుబాటు ఇవ్వలేదు.

ఇచ్చిన వెసులుబాటు ఇంకొకటి ఉంది, చాలామంది గమనించకుండా దాటిపోయేది. 'యదహ్నా', అంటే ఈ పగలు చేసినది. దాన్ని తుడిచిపెట్టేది కూడా ఈ పగలే. 'అహస్తదవలుంపతు'. రాత్రిది రాత్రి తుడుస్తుంది. అహస్సు, రాత్రి అంటే ఇక్కడ వాటి అధిదేవతలు అని చెబుతారు. ఎలా తీసుకున్నా లెక్క ఏ పూటది ఆ పూటకే, పాత బాకీలు మోసుకురావడం లేదు. మరి పదేళ్ల కిందటి తప్పు? దానికి మంత్రం ఇచ్చిన చోటు మూడే మాటలు: 'యత్కించ దురితం మయి'. నాలో ఇంకేం చెడు ఉంటే అదంతా అని ఒక్క మూటగా. పాతదాన్ని విప్పి ఒక్కొక్కటీ లెక్కపెట్టమనలేదు. మనం చేసేది సరిగ్గా తలకిందులు. ఇవాళ మధ్యాహ్నం ఇంట్లోవాళ్ల మీద అరిచింది గుర్తుండదు, ఎప్పుడో పెళ్లిలో జరిగిన మాటపట్టింపు మాత్రం వివరాలతో సహా కళ్ల ముందు తిరుగుతుంది.

చేసే పద్ధతిలో ఒక జాగ్రత్త. మంత్రం మధ్యలో ఆగి తప్పులు తలుచుకుంటే స్వరం తెగుతుంది. అందుకని ఉద్ధరిణి ముట్టుకోకముందే, ఆ ఆరింటినీ వరసగా ఒకసారి తడుముకోవాలి. మాటతో ఏం చేశాను, చేత్తో ఏం చేశాను. తట్టిందే తట్టింది, తట్టనిదాని కోసం తవ్వుకోవద్దు. తర్వాత వేళ్లు దగ్గరగా చేర్చి, బొటనవేలూ చిటికెనవేలూ విడిగా పెట్టి, అరచేతిని ఆవు చెవిలా వంచి నీళ్లు పోసుకోవాలి. ఆచమనానికి పెద్దలు చెప్పే కొలత మినపగింజ మునిగేటంత. చప్పుడు చెయ్యకుండా, బొటనవేలి మొదలు వైపు నుంచి తీసుకోవాలి. గుక్కెడు పోసుకుంటే మోచేతి దాకా కారుతుంది, ధ్యాసంతా దాని మీదే ఉంటుంది.

అంటే ముందు లోపలికి తీసుకోవడం, తర్వాతే బయటికి వదలడం. 'చేశాను' అని మింగినవాడికే ఎడమపక్కకు విడిచిపెట్టే నీళ్లు దక్కుతాయి. ఒప్పుకోకుండా మరిచిపోదామని చూస్తే అది పోదు. ఒప్పుకున్నాక మళ్లీ మళ్లీ తిరిగి చూసినా పోదు.

వదిలేటప్పుడు చెప్పే 'ద్రుపదాదివ ముంచతు' మంత్రంలో మూడు పోలికలు ఉన్నాయి. కొయ్యకు బిగించినవాణ్ణి విడిపించినట్టు, చెమట పట్టినవాడు స్నానం చేసి మురికి వదిలించుకున్నట్టు, వడగట్టిన నెయ్యి శుభ్రపడినట్టు నన్ను నీళ్లు శుద్ధి చేయాలి అని. మూడోది వంటింట్లో చూసేదే. వెన్న కాచి వడగడితే గసి పైన నిలుస్తుంది, నెయ్యి కిందికి దిగుతుంది. గసి వచ్చిందని నెయ్యిని ఎవరూ పారబొయ్యరు.

మనం చేసినవి సరే, మనకు ఇతరులు చేసినవి? అక్కడ మొదటి పాదం పనికొస్తుంది. 'మన్యు' అంటే కోపం. కోపం చేయించిన పాపాల నుంచి రక్షించమని అడుగుతున్నది, అగ్నితోపాటు, ఆ మన్యువునే, దాని అధిపతులనే. అవతలివాడు చేసిన అన్యాయం మనలో కోపంగానే మిగులుతుంది. అది జరగలేదనుకోమని మంత్రం చెప్పదు. ఆ కోపం రేపు మన చేత ఏం చేయిస్తుందో దాన్నుంచి కాపాడమంటుంది. మధ్యాహ్నం చేసే సంధ్యలో, అంటే మాధ్యాహ్నికంలో చెప్పే 'ఆపః పునంతు' మంత్రం చివర 'అసతాం చ ప్రతిగ్రహమ్' అని ఉంది. చెడ్డవాళ్ల దగ్గర పుచ్చుకున్న దానం అని అసలు అర్థం. వాళ్ల దగ్గర పుచ్చుకున్న మాటలకు కూడా దాన్ని అన్వయించుకోవచ్చని నా అభిప్రాయం. తిట్టు కూడా పుచ్చుకుంటేనే మనదవుతుంది. నెలల తరబడి నిద్ర పట్టనివ్వని జ్ఞాపకమైతే మాత్రం వైద్యుడి దగ్గరికి వెళ్లాల్సిందే, జపం ఆ పక్కన ఉంటుంది.

ఉపనయనం లేనివాళ్లకూ ఇదే వరస వ్రతం చివర దొరుకుతుంది. 'యాని కాని చ పాపాని జన్మాంతరకృతాని చ, తాని తాని ప్రణశ్యంతి ప్రదక్షిణ పదే పదే'. అడుగు అడుగుకీ పోతాయన్నారు. మనం ఉన్నచోటే గిర్రున మూడు చుట్లు తిరిగేసి ప్రసాదం గిన్నె వైపు చూస్తాం. ఒక్కో అడుగు వేసి, పాదం నేలకు ఆనాక రెండోది ఎత్తి చూడండి. ఆత్మప్రదక్షిణకు అర నిమిషం ఎక్కువ పడుతుంది, ప్రసాదం ఎక్కడికీ పోదు.

సంధ్య వేళ దాటిపోతే ఏం చెయ్యాలో కూడా చెప్పారు. సాయంసంధ్యకు సూర్యుడు ఉండగానే చేయడం ఉత్తమం. ఆలస్యమైతే ప్రాణాయామం చేసి, కాలాతిక్రమణ దోషం పోవడానికని సూర్యుడికి దోసిలితో నీళ్లు వదిలే మామూలు మూడు అర్ఘ్యాలకు ఇంకొకటి కలిపి నాలుగు ఇవ్వాలి. ఐదోది లేదు. నాలుగోది ఇచ్చేశాక గాయత్రి జపానికి కూర్చోవడమే.