స్టిక్ డ్రిఫ్ట్: సోల్డరింగ్ ఐరన్ పట్టుకునే ముందు అంకెలు చూడండి

బెంగళూరు మారతహళ్లి, బీటీఎం పీజీల్లో ఒకే గేమ్ కంట్రోలర్‌తో నలుగురు వంతులేసుకుని ఆడుతుంటారు. అలాంటి చోట స్టిక్ డ్రిఫ్ట్ త్వరగానే వస్తుంది. చెయ్యి వేయకుండానే ప్లేయర్ ఎడమకు నడుస్తాడు, కెమెరా మెల్లగా ఆకాశం వైపు లేస్తుంది. వెంటనే సలహాలు మొదలవుతాయి. ఒకరు డబ్ల్యూడీ40 కొట్టమంటారు, ఇంకొకరు ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డుకెళ్లి హాల్ ఎఫెక్ట్ (అయస్కాంతంతో పనిచేసే స్టిక్) వేయించెయ్ అంటారు. మొదటిది దాదాపు ఎప్పుడూ తప్పే. రెండోది చాలాసార్లు తొందరపాటు. మీ ప్యాడ్‌కి వచ్చింది ఏ రకం డ్రిఫ్ట్ అన్నది ముందు తేలాలి. అది తేలడానికి ఐదు నిమిషాలు, ఒక యూఎస్‌బీ కేబుల్ చాలు.

డ్యూయల్‌సెన్స్ (పీఎస్5 ప్యాడ్), ఎక్స్‌బాక్స్ సిరీస్ ప్యాడ్, పీఎస్4 ప్యాడ్ (డ్యూయల్‌షాక్ 4), ఈ మూడింటిలోనూ స్టిక్ కింద ఉండేది ఒకే తరహా మాడ్యూల్. దాని రెండు పక్కల రెండు పొటెన్షియోమీటర్లు ఉంటాయి. ఒకటి అడ్డంగా కదిలిన దూరం చెబుతుంది, రెండోది నిలువుగా కదిలింది. ఒక్కోదాని లోపల వంపు తిరిగిన కార్బన్ పట్టీ, దాని మీద రాసుకుంటూ తిరిగే సన్నటి లోహపు రేకు ఉంటాయి. స్టిక్ నడుమ ఉన్నప్పుడు రేకు పట్టీ మధ్యలో ఆగి దాదాపు సగం వోల్టేజీ చూపించాలి. అందరూ ఎక్కువగా తిప్పేది నడుమకు దగ్గర్లోనే కాబట్టి కార్బన్ ముందు అరిగేదీ అక్కడే. అరిగిన పొడి రేకు కింద చేరుతుంది, రీడింగ్ ఎగిరి పడుతుంది. 2021లో రిపేరు గైడ్లు రాసే ఐఫిక్సిట్ వెబ్‌సైట్ వాళ్లు డ్యూయల్‌సెన్స్‌ని విప్పి చూశారు. అందులోని ఆల్ప్స్ మాడ్యూల్‌కి తయారీదారు చెప్పిన ఆయుష్షు 20 లక్షల సార్లు తిరగడం. వార్‌జోన్ ఆడే తీరును బట్టి అది 417 గంటల్లో దాటిపోతుందని లెక్కగట్టారు. రోజుకు 2 గంటల ఆటంటే ఏడు నెలలు. అది దూకుడుగా ఆడే షూటింగ్ గేమ్ లెక్క, అందరికీ అంతే అని కాదు. ఏడాది తిరక్కుండా డ్రిఫ్ట్ వస్తే మాత్రం మీరు కంట్రోలర్‌ని మోటుగా వాడారని ఎవరన్నా పట్టించుకోనక్కర్లేదు.

ఇప్పుడు పరీక్ష. కంట్రోలర్‌ని పీసీకి కలిపి బ్రౌజర్లో ఏదైనా గేమ్‌ప్యాడ్ టెస్టర్ పేజీ తెరవండి. ఒక్కో స్టిక్‌కి రెండు అంకెలు కనిపిస్తాయి, మైనస్ 1 నుంచి ప్లస్ 1 వరకు. స్టిక్ ముట్టుకోకుండా అర నిమిషం చూడండి. తర్వాత ఒక్కో దిక్కుకీ పూర్తిగా తోసి టక్కున వదలండి. నాలుగు దిక్కులకీ పదేసి సార్లు ఇలా చేసి, ప్రతిసారీ అంకె ఎక్కడ ఆగిందో గమనించండి. చివరగా ఒక అంచు నుంచి ఎదుటి అంచుకి చాలా నెమ్మదిగా తీసుకెళ్లండి.

వదిలాక 0.05 లోపు ఆగితే అది డ్రిఫ్ట్ కాదు. కొత్త ప్యాడ్‌లో కూడా అంత ఉంటుంది. ఎటు తోసి వదిలినా ప్రతిసారీ ఒకే చోట, ఉదాహరణకి 0.09 దగ్గర, కదలకుండా నిలబడితే సెన్సార్ బాగానే ఉంది, సెంటర్ మాత్రమే జరిగింది. దీనికి క్యాలిబ్రేషన్ (నడుమ ఎక్కడో కంట్రోలర్‌కి మళ్లీ నేర్పడం) చాలు, విప్పే పనే లేదు. ఎడమకు తోసి వదిలితే ఎడమ పక్క, కుడికి తోసి వదిలితే కుడి పక్క ఆగుతోందంటే స్టిక్‌ని నడుమకు లాగే స్ప్రింగ్ సడలింది, లేదా లోపల ఎక్కడో పట్టేస్తోంది. గేమ్ సెట్టింగుల్లో డెడ్‌జోన్ (నడుమ దగ్గర గేమ్ పట్టించుకోని కదలిక) కొంచెం పెంచి కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. ఫుట్‌బాల్ గేమ్‌లో ఆ తేడా తెలియను కూడా తెలియదు. షూటింగ్ గేమ్‌లో మాత్రం డెడ్‌జోన్ 15 శాతం దాటిందంటే సన్నటి గురి కుదరదు. ఇక ముట్టుకోకుండానే అంకె వణుకుతున్నా, నెమ్మదిగా కదిపేటప్పుడు 0.3 నుంచి 0.6కి దూకి మళ్లీ వెనక్కి వచ్చినా కార్బన్ పట్టీ అరిగిందనే అర్థం. అరిగిన పట్టీని ఏ క్యాలిబ్రేషనూ బాగుచేయలేదు.

ఏ రకమైనా సరే, తేలికైన పనులు ముందు కానివ్వండి. డ్యూయల్‌సెన్స్ వెనక చిన్న కన్నం ఉంటుంది. పీఎస్5 ఆపేసి, సిమ్ పిన్నుతో లోపలి బటన్‌ని 5 సెకన్లు నొక్కి, కేబుల్‌తో మళ్లీ జత చేయండి. నింటెండో స్విచ్‌లో అయితే సిస్టమ్ సెట్టింగ్స్‌లోని కంట్రోలర్స్ అండ్ సెన్సర్స్ కింద స్టిక్ క్యాలిబ్రేషన్ ఉంది. వారంటీ మిగిలి ఉంటే ఇక్కడే ఆగి, బిల్లు వెతికి సర్వీస్ సెంటర్‌కి ఇవ్వండి. ఒక్కసారి ఐరన్ తగిలిన బోర్డుని ఎవరూ తీసుకోరు.

క్లీనింగ్ గురించి జనానికి అపోహలెక్కువ. మామూలు డబ్ల్యూడీ40 నూనె పొరని వదిలిపెడుతుంది. రెండు రోజులు నున్నగా తిరుగుతుంది, తర్వాత దుమ్మంతా ఆ నూనెకే అంటుకుంటుంది. బెంగళూరులో మెట్రో పనులు, అపార్ట్‌మెంట్ పనులు జరగని వీధి దొరకదు కదా, దుమ్ముకి కొరత లేదు. వాడాల్సింది 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, అందరూ ఐపీఏ అనేది. మందుల షాపులో దొరికే స్పిరిట్‌లో నీటి పాలు ఉంటుంది, అది వద్దు. బయటి నుంచి సందులోకి పోస్తే చాలా భాగం పొటెన్షియోమీటర్ దాకా చేరదు. ప్యాడ్ విప్పి, మాడ్యూల్ పక్కనున్న చిన్న ప్లాస్టిక్ మూతని సన్నటి పట్టకారుతో తీసి, రెండు చుక్కలు వేసి, దూది పుల్లతో పట్టీని ఒత్తకుండా తుడవాలి. పూర్తిగా ఆరేదాకా బ్యాటరీ పెట్టకండి. ఇది ఒక్కసారికే పనికొచ్చే వైద్యం. ఆల్కహాల్ ఫ్యాక్టరీలో రాసిన గ్రీజునీ కడిగేస్తుంది, ఆ తర్వాత అరుగుదల ఇంకా వేగంగా ఉంటుంది.

అరిగిందని తేలితే ఎస్పీ రోడ్డు. గ్రీన్ లైన్‌లో చిక్‌పేటలో గానీ కేఆర్ మార్కెట్‌లో గానీ దిగి నడవడం మేలు. ఆ సందుల్లో బండి నిలపడం ఒక ప్రత్యేక విద్య. ఆదివారం చాలా షట్టర్లు దించే ఉంటాయి. మూడు రకాల మాడ్యూల్స్ దొరుకుతాయి. పాత తరహా పొటెన్షియోమీటర్‌ది అన్నిటికంటే చవక. దాంట్లో పాత బోర్డుల నుంచి పీకినవి కొత్తవాటిలో కలిపి అమ్ముతుంటారు. కాళ్ల మీద సోల్డర్ మరక ఉందేమో వెలుగులో చూడండి. హాల్ ఎఫెక్ట్ దాంట్లో అయస్కాంతం, సెన్సార్ ఒకదాన్నొకటి తాకవు కాబట్టి పట్టీ అరగడమన్న మాటే ఉండదు. ఇదేమీ కొత్త సంగతి కాదు, 1998 నాటి సెగా డ్రీమ్‌కాస్ట్ ప్యాడ్‌లోనే అయస్కాంతపు స్టిక్ ఉంది. మూడోది టీఎమ్ఆర్. పద్ధతి అదే, సెన్సార్ వేరు. కరెంటు తక్కువ తీసుకుంటుంది, కదలికని ఇంకా సన్నగా పట్టుకుంటుంది. బ్యాటరీతో నడిచే ప్యాడ్‌కి ధరలో తేడా కొద్దిగానే ఉంటే టీఎమ్ఆరే తీసుకోండి. పొటెన్షియోమీటర్ స్టిక్ ఆగిపోయేది అరుగుదలతో. అయస్కాంతపు రకాల్లోనూ స్ప్రింగ్ సడలవచ్చు, సెంటర్ జరగవచ్చు. ఎప్పటికీ డ్రిఫ్ట్ రాదు అనేది అమ్మేవాళ్ల మాట.

మాడ్యూల్ మార్చడం వచ్చినవాళ్లకి గంట పని, రానివాళ్లకి బోర్డు పోగొట్టుకునే పని. మొదటిసారి ఐరన్ పట్టేవాళ్లు ఏదైనా పాడైన బోర్డు మీద చెయ్యి తిప్పుకుని రండి. కావలసినవి: వేడి సర్దుకునే 60 వాట్ల ఐరన్, ఉలి లాంటి వెడల్పు మొన, 63/37 సోల్డర్ తీగ (63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం), ఫ్లక్స్ (సోల్డర్ బాగా పారేలా చేసే జిగురు), సోల్డర్ పీల్చే రాగి జాలి, సకర్ పంపు, పీహెచ్00 (చిన్న ప్లస్ మొన) స్క్రూడ్రైవర్, ప్లాస్టిక్ పిక్. 25 వాట్ల మామూలు ఐరన్‌తో దిగకండి. గ్రౌండ్‌కి కలిసిన కాళ్ల దగ్గర బోర్డు లోపలి రాగి పొర వేడినంతా లాగేస్తుంది. సోల్డర్ సగమే కరుగుతుంది, మీరు బలంగా లాగుతారు, కన్నం చుట్టూ ఉన్న రాగి ఉంగరం ఊడివస్తుంది. ఎక్కువ బోర్డులు పోయేది ఇలాగే.

డ్యూయల్‌సెన్స్‌లో ముందు భాగాన ఉన్న నల్ల పట్టీని పిక్‌తో లేపితే కింద పిడుల దగ్గర రెండు స్క్రూలు కనిపిస్తాయి. ఎల్1, ఆర్1 బటన్లు ఊడదీస్తే వాటి కింద మరో రెండు. వెనక డొప్ప తీయగానే మొదట బ్యాటరీ కనెక్టర్ పీకండి. వైబ్రేషన్ మోటార్ల తీగలు బోర్డుకి సోల్డర్ చేసి ఉంటాయి, ఏ రంగు ఎక్కడుందో ఫొటో తీసుకున్నాకే విప్పండి. ఎక్స్‌బాక్స్ సిరీస్ ప్యాడ్‌కి మధ్యలో కన్నమున్న టీ8 బిట్ (నక్షత్రం ఆకారపు మొన) కావాలి. ఐదు స్క్రూల్లో ఒకటి బ్యాటరీ గదిలో స్టిక్కర్ కింద దాక్కుని ఉంటుంది.

ఒక్కో మాడ్యూల్‌కి 14 కాళ్లు. పొటెన్షియోమీటర్లవి ఆరు, నొక్కుడు బటన్‌వి నాలుగు, రేకు డబ్బావి నాలుగు. అన్నీ ఒకేసారి కరిగించి ఊడదీయాలని చూడకండి. పాత మాడ్యూల్ ఎలాగూ చెత్తలోకే పోతుంది కాబట్టి పైనుంచే కట్టర్‌తో ముక్కలు చేసి, ఒక్కో కాలినీ విడిగా లాగడం బోర్డుకి క్షేమం. ఫ్యాక్టరీ సోల్డర్‌లో సీసం ఉండదు, 217 డిగ్రీల పైన గానీ కరగదు. ప్రతి కాలికీ ముందు కాస్త 63/37 కలిపితే 183 డిగ్రీలకు దగ్గరగా దిగివస్తుంది. ఐరన్ 350 డిగ్రీల దగ్గర ఉంచి, ఒక్కో చోట మూడు నాలుగు సెకన్లకు మించి ఆనించకండి. కరగలేదంటే వేడి పెంచే ముందు ఫ్లక్స్ వేసి చూడండి. కన్నాలన్నీ ఖాళీ అయ్యాయో లేదో బోర్డుని వెలుతురుకి ఎత్తి చూస్తే తెలిసిపోతుంది.

కొత్త మాడ్యూల్ కన్నాల్లోకి దానంతట అదే దిగాలి, బలవంతంగా తోయకూడదు. ఎదురెదురు మూలల్లో రెండు కాళ్లు మాత్రం అతికించి, మాడ్యూల్ బోర్డుకి చదునుగా ఆనిందో లేదో పక్క నుంచి చూడండి. జానెడు దూరం నుంచి కనిపించనంత వాలు కూడా స్టిక్‌ని ఒక పక్కకు ఒరగబెడుతుంది. చదునుగా ఉంటేనే మిగతా 12 కాళ్లు పూర్తిచేసి, ఫ్లక్స్ జిగురుని ఐపీఏ, పాత టూత్‌బ్రష్‌తో కడగండి. కిటికీ తెరిచి పెట్టుకోండి. సీసం ఉన్న సోల్డర్ కాబట్టి తినే ముందు చేతులు కడగాలి.

బిగించగానే అంకెలు చూసి కంగారుపడేవాళ్లు చాలామంది. కొత్త మాడ్యూల్ సెంటర్ 0.15 దగ్గర ఉన్నా తప్పేం లేదు, కంట్రోలర్ మెమరీలో ఇంకా పాత మాడ్యూల్ లెక్కలే ఉన్నాయి. డ్యూయల్‌షాక్ 4కీ డ్యూయల్‌సెన్స్‌కీ బ్రౌజర్లోనే నడిచే ఉచిత పరికరం ఉంది, డ్యూయల్‌షాక్ క్యాలిబ్రేషన్ అని వెతికితే దొరుకుతుంది. క్రోమ్‌లో గానీ ఎడ్జ్‌లో గానీ తెరిచి కేబుల్‌తో కలపండి. ముందు సెంటర్, తర్వాత స్టిక్‌లని అంచుల వెంట గుండ్రంగా తిప్పి రేంజ్. రెండూ అయ్యాక శాశ్వతంగా సేవ్ చేయడం మరిచిపోతే కంట్రోలర్ ఆఫ్ కాగానే అంతా పోతుంది. కొందరు ఇక్కడే మాడ్యూల్ పాడైందనుకుని మళ్లీ ఐరన్ తీస్తారు. గుండ్రతనపు లోపం (స్టిక్ తిరిగిన దారి సరైన వృత్తం నుంచి ఎంత తప్పిందన్నది) పది శాతం దాకా ఉన్నా ఆటలో తెలియదు, సున్నా చేయాలని కూర్చోకండి. ఇదే పేజీ నకిలీ పీఎస్4 ప్యాడ్‌లని కూడా పట్టేస్తుంది, సెకండ్ హ్యాండ్‌ది కొనేటప్పుడు బాగా పనికొస్తుంది. ఎక్స్‌బాక్స్ ప్యాడ్ కోసమైతే సెంటర్‌ని మాడ్యూల్ మీదే సర్దుకునే వీలున్న రకం అడిగి తీసుకోండి.

స్విచ్‌కి పక్కల తగిలించే చిన్న కంట్రోలర్లు, జాయ్‌కాన్ వాళ్లకి ఈ బాధ లేదు, అందులో స్టిక్‌కి సోల్డరే ఉండదు. వై ఆకారపు స్క్రూలు నాలుగు విప్పి, బ్యాటరీ తట్ట పక్కకి తీసి, రిబ్బన్ లాచ్ ఎత్తి, రెండు చిన్న స్క్రూలతో ఉన్న స్టిక్‌ని మార్చడమే. రిబ్బన్లు పొట్టిగా ఉంటాయి, డొప్పని విసురుగా తెరిస్తే తెగుతాయి. 2025 జూన్‌లో స్విచ్ 2తో వచ్చిన జాయ్‌కాన్ 2లోనూ హాల్ స్టిక్‌లు లేవు, నింటెండో ఆ మాట ముందే చెప్పింది. డ్యూయల్‌సెన్స్‌లో ఖరీదైన రకమైన డ్యూయల్‌సెన్స్ ఎడ్జ్‌లో స్టిక్ మాడ్యూల్ మొత్తం చేత్తోనే లాగి మార్చుకోవచ్చు, కానీ లోపలుండేది పాత తరహాదే. పీసీలో మాత్రమే ఆడేవాళ్లు ఎయిట్‌బిట్‌డూ అల్టిమేట్ 2 లాంటి టీఎమ్ఆర్ ప్యాడ్ కొనుక్కుంటే ఈ తతంగమంతా తప్పుతుంది. పీఎస్5 గేమ్‌లకి మాత్రం సోనీ లైసెన్సు లేని ప్యాడ్‌లు పనిచేయవు.

దుకాణంలోనే చేయించేట్టయితే ఇచ్చేముందు టెస్టర్ పేజీ మీద రెండు స్టిక్‌ల అంకెలూ కనిపించేలా వీడియో తీసుకోండి. ఏ మాడ్యూల్ వేస్తున్నారో బిల్లు మీద రాయించుకోండి, క్యాలిబ్రేషన్ కూడా వాళ్ల పనే అని ముందే మాట్లాడుకోండి. తీసుకునేటప్పుడు అక్కడే ఫోన్‌కి కలిపి నాలుగు దిక్కులూ తోసి చూసి, ఎల్3, ఆర్3 (స్టిక్‌లని కిందికి నొక్కే బటన్లు) నొక్కి, వైబ్రేషన్ రెండు పక్కలా వస్తోందో లేదో చూడండి. ఒక పక్క రాకపోతే మోటార్ తీగ అతకలేదన్నమాట, డబ్బులిచ్చే ముందు చెబితే ఐదు నిమిషాల్లో అతికిస్తారు.