మందు వేశాకే జ్వరం వచ్చింది

మా మనవడు ఇడ్లీని నాలుగు ముక్కలు చేసి, ఒక్కో ముక్కనీ వేలితో విప్పి, లోపల ఏమీ లేదని చూసుకున్నాకే నోట్లో పెట్టుకునేవాడు. అప్పుడు వాడికి తొమ్మిదేళ్ళు. వాడికి ఆ అనుమానం పుట్టించింది నేనే. ఆ సంగతి చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

2024 జూన్ ఆఖర్లో మా అమ్మాయి, వాడు న్యూజెర్సీ నుంచి కావలి వచ్చారు. అల్లుడికి సెలవు దొరకలేదు. వచ్చిన వారానికి, ఆదివారం పూట వాడికి తలంటు పోస్తుంటే ఎడమ మోకాలి వెనక రూపాయి బిళ్ళంత ఎర్రమచ్చ కనిపించింది. నొప్పి లేదు, దురద లేదు. నేను తామర అనుకున్నాను. ఎదురింటామె సర్పి అన్నది. దగ్గర్లో డాక్టరుకు చూపిస్తే ఆయనా తామరే అని ఆయింట్‌మెంటు రాశారు. మన పిలకాయల ఒంటి మీద గుండ్రటి మచ్చ అంటే ఎవరికైనా ముందు తట్టేది అదే, ఆయన్ని తప్పు పట్టను. నాలుగైదు రోజులకు ఆ మచ్చ పూరీ అంత అయింది. మధ్యలో ఎరుపు, దాని చుట్టూ కాస్త తెలుపు, ఆ పైన మళ్ళీ ఎర్రటి వలయం. ఒళ్ళు వెచ్చబడింది. బంతి పట్టుకుని వీధిలోకి పరిగెత్తేవాడు మంచం దిగలేదు.

మా అమ్మాయి ఆ మచ్చ దగ్గర చాలాసేపు కూర్చుని, "అమ్మా, ఇది లైమ్ ఏమో" అంది. పిడుదు కుడితే వచ్చే జబ్బట అది. నేను ఆ మాట వినడం అదే మొదటిసారి.

అక్కడి జింకలు తిరిగే అడవుల్లో నల్లకాళ్ళ పిడుదు ఒకటి ఉంటుందట. మన గేదెల చెవుల్లో పట్టే గోమార్ల జాతిదే గానీ, చాలా చిన్నది. కుట్టే దశలో గసగసాల గింజంత ఉంటుంది. కుట్టినట్టు నొప్పి కూడా తెలియదు. సాధారణంగా ఒక రోజుకు పైగా ఒంటిని పట్టుకుని ఉంటేనే దానిలోని క్రిమి మనిషికి ఎక్కుతుంది. మచ్చ తేలడానికి మూడు రోజులు పట్టొచ్చు, నెల కూడా పట్టొచ్చు. స్కూలు ఆఖరి వారంలో వాళ్ళ క్లాసు పిల్లల్ని అడవి పక్క పార్కుకు తీసుకెళ్ళారు. "ఆ రోజు రాత్రి చేతులు చూశాను, మెడ చూశాను, మోకాలి వెనక చూడలేదమ్మా" అని మా అమ్మాయి ఏడ్చింది. గసగసాల గింజ కనిపించనందుకు ఏ తల్లినైనా ఏమనగలం!

శుక్రవారం నెల్లూరులో చర్మవ్యాధుల డాక్టరుకు చూపించాం. ఆయన మచ్చ కంటే ముందు "ఎక్కడి నుంచి వచ్చారు?" అని అడిగారు. న్యూజెర్సీ అనగానే వంగి చూశారు. అక్కడి పిల్లల డాక్టరుకు ఫొటోలు పంపితే ఆమె కూడా అదే మాట చెప్పింది. రక్తపరీక్ష అక్కర్లేదన్నారు. ఈ దశలో పరీక్షకు చాలాసార్లు ఏమీ దొరకదట, ఊరు, మచ్చ చూసే మందు మొదలుపెడతారట. డాక్సీసైక్లిన్, వాడి బరువుకు లెక్కకట్టి, రోజుకు రెండుసార్లు, పది రోజులు. మన దగ్గర ఎలుక జ్వరానికీ, స్క్రబ్ టైఫస్‌కూ వాడేది ఈ మందే. మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చారు. ఇంత పెద్ద పేరున్న జబ్బుకు ఇంత మామూలు మాత్రేనా అని నా గుండె బరువు దిగింది.

ఆ రాత్రి అన్నం తిన్నాక మొదటి మాత్ర వేశాం. పన్నెండున్నరకు వాడు పళ్ళు టకటకలాడిస్తూ లేచాడు. రెండు దుప్పట్లు కప్పినా వణుకు తగ్గలేదు. జ్వరం 103. తల పగిలిపోతోందన్నాడు. లైటు వేసి చూస్తే మచ్చ సాయంత్రం కంటే ఎర్రగా, కందిపోయినట్టు ఉంది. మా అమ్మాయి చేతులు వణికి ఫోను జారిపోయింది. మందు పడలేదు, పిల్లాడు ఏమవుతాడో అని మా ఇద్దరికీ ఒకటే భయం. అక్కడ అప్పుడు మధ్యాహ్నం కాబట్టి డాక్టరు వెంటనే దొరికింది. ఆమె వరసగా అడిగింది. ఒంటి మీద దద్దుర్లు లేచాయా? పెదవులు, ముఖం వాచాయా? ఊపిరి ఆడటం కష్టంగా ఉందా? ఆగకుండా వాంతులా? ఏవీ లేవు. వాటిలో ఏది ఉన్నా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి, లేవు కాబట్టి ఇది అలెర్జీ కాదు, మందు ఆపొద్దు, పారాసిటమాల్ ఇచ్చి నీళ్ళు తాగిస్తూ ఉండండి అంది.

దీని పేరు జారిష్–హెర్క్స్‌హైమర్ రియాక్షన్. మందు దెబ్బకు క్రిములు ఒక్కసారిగా చచ్చి, వాటి ముక్కలు రక్తంలో కలిస్తే, ఒళ్ళు వాటి మీద తిరగబడుతుంది. అదే ఆ చలి, ఆ జ్వరం. అందరికీ రాదు. లైమ్ తొలి దశలో మందు మొదలుపెట్టిన వాళ్ళలో వందకు పదిహేను మందికి వస్తుందని అంచనా. మొదటి ఇరవై నాలుగు గంటల్లో వచ్చి, ఒక రోజులో దానంతటదే తగ్గిపోతుంది. అట్టాగే తగ్గింది. మర్నాడు మధ్యాహ్నానికి ఒళ్ళు చల్లబడింది, కాస్త చారన్నం తిన్నాడు.

ఈ ముక్క మందు రాసిన ఇద్దరిలో ఎవరూ ముందు చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ రాత్రి మేం అంత భయపడేవాళ్ళం కాదు. మేం భయపడకపోతే వాడూ అంత భయపడేవాడు కాదు. మా ఇద్దరి ముఖాలూ చూస్తూనే వాడు వణికాడు. ఇలాంటి మందు మొదలుపెట్టే ముందు "ఈ రాత్రి ఏం జరగొచ్చు?" అని డాక్టర్ని నిలబెట్టి అడగండి.

శనివారం పొద్దున రెండో మాత్ర తెస్తే వాడు నోరు గట్టిగా మూసుకున్నాడు. "ఇది వేసుకున్నాకే జ్వరం వచ్చింది. నాకు వద్దు" అన్నాడు. వాడి లెక్క తప్పేమీ కాదు. మచ్చకు నొప్పి లేదు, మందుకు ఉంది. తొమ్మిదేళ్ళ పిల్లాడికి అంతకంటే రుజువేం కావాలి? వాళ్ళ అమ్మ బతిమిలాడింది, ఐప్యాడ్ ఇస్తానంది, చివరికి కేకలేసింది. వాడు మంచం కిందకి దూరి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ముప్పై ఏళ్ళు ఒకటో తరగతి, రెండో తరగతి పిలకాయలకు పాఠాలు చెప్పినదాన్ని. అయినా ఆ పూట తోచింది చేశాను. వాడికి మలై కాజా అంటే ప్రాణం. మాత్ర నలిపి కాజాలోని కోవాలో కలిపి, చేత్తో నోటికి అందించాను. నమ్మకంగా నోరు తెరిచాడు. కొరికాడు. చేదు తగలగానే ఆగిపోయి నా ముఖంలోకి చూశాడు. అరవలేదు, ఏడవలేదు. కొళాయి దగ్గరికి వెళ్ళి ఉమ్మేసి, నోరు పుక్కిలించి వచ్చి, మిగిలిన కాజాను రెండు చేసి లోపల చూశాడు. ఆ పూట నుంచే ఇడ్లీ విప్పడం మొదలైంది. అన్నం ముద్ద కలిపి పెడితే చేతిలోకి తీసుకుని చిదిమి చూసేవాడు. మంచినీళ్ళు కూడా తానే ముంచుకుని తాగాడు. కోవా, పాలు, పెరుగు ఈ మందును ఒంటికి పట్టనివ్వవని, వాటికీ మాత్రకూ రెండు గంటల ఎడం ఉండాలని డాక్టరు తర్వాత చెప్పారు. అంటే వాడు మింగి ఉన్నా పూర్తిగా పనిచేసేది కాదు.

సాయంత్రం దీపాలవేళ దోమలు ముసిరితే, రోజూ వేసేట్టే పగిలిన మూకుడులో కొబ్బరి పీచు అంటించి వేపాకు పొగ వేశాను. వాడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పొగ అటు తిరిగేసరికి దగ్గు వచ్చింది, కళ్ళు నీళ్ళు కారాయి.

"అమ్మమ్మా, ఇది దోమలకా, మనకా?" అన్నాడు. పొద్దుటి నుంచి నాతో మాట్లాడిన మొదటి మాట అది.

"దోమలకే నాన్నా. కానీ వేసిన కాసేపు మన కళ్ళూ మండుతాయి గదా."

పక్కన కూర్చుని నిదానంగా చెప్పాను. నీ ఒంట్లో కంటికి కనపడనంత చిన్న పురుగులు దూరాయి, మెలికలు తిరిగి స్ప్రింగులా ఉంటాయి. నిన్న రాత్రి మందు వాటిని చంపింది. ఆ పొగే నీకు చలిపెట్టించింది. వాడు మూకుడు వంకే చూస్తూ విన్నాడు.

"మళ్ళీ వస్తుందా చలి?"

వెనక నుంచి మా అమ్మాయి "రాదు, రాదు" అనబోయింది. ఆగమని చెయ్యి చూపించాను. "నిన్నంత రాదని డాక్టరు గారు అంటున్నారు. కానీ రానే రాదని నేను మాటివ్వలేను. వస్తే నీ పక్కనే ఉంటా, తెల్లారేదాకా ఉంటా. ఇంకో మాట. కాజాలో మాత్ర పెట్టింది నేనే. నీకు చెప్పకుండా పెట్టడం నా తప్పు. ఇంకెప్పుడూ పెట్టను."

వాడు సరే అనలేదు. చాలాసేపటికి "మాత్ర ఎక్కడుంది?" అన్నాడు. తెచ్చి అరచేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి, వాసన చూసి, తాతయ్య స్టీలు గ్లాసు కావాలన్నాడు. అన్నం తిన్నాక దానితోనే వేసుకున్నాడు. ఆ రాత్రి చలి రాలేదు. నేను మాత్రం మాట ప్రకారం పక్కనే కూర్చున్నాను. రెండుసార్లు కళ్ళు తెరిచి నేనున్నానో లేదో చూసుకున్నాడు.

అప్పటి నుంచి ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. మాత్ర వేసుకోవాలా వద్దా అన్నది వాడి ఇష్టం కాదు. ఏ గ్లాసుతో, ఎక్కడ కూర్చుని, మాత్ర ముందా పాట ముందా అన్నదంతా వాడి ఇష్టం. థర్మామీటరు వాడే పెట్టుకుని, అంకె నోటుపుస్తకంలో వాడే రాసేవాడు. గ్లాసు నిండా నీళ్ళు తాగాలి, తాగాక అరగంట పడుకోకూడదు, లేకపోతే గొంతు దిగిన గొట్టంలో మాత్ర ఇరుక్కుని పుండు పడుతుంది. ఆ అరగంట వాళ్ళ తాతయ్య వాడితో పులి–మేక ఆడేవాడు. పరగడుపున వేస్తే వికారంగా ఉండేది, టిఫిను తిన్నాక వేస్తే లేదు.

పెద్ద కష్టం ఎండ. ఈ మందు వాడేటప్పుడు ఎండ తగిలితే చర్మం కమిలిపోతుంది, మాదేమో కావలి! నాలుగో రోజు నా కన్నుగప్పి గంటసేపు క్రికెట్ ఆడి వచ్చాడు. ముక్కు, ముంజేతులు ఎర్రగా మండిపోయాయి. ఇక తుమ్మలపెంట బీచ్ లేదు, పగలు బయటికి వెళ్ళడం లేదు అనేసరికి కంచం విసిరికొట్టాడు. పప్పు గోడంతా చిమ్మింది. మా అమ్మాయి బెదిరిపోయి, ఇది కూడా రియాక్షనేమో అంది. రాత్రుళ్ళు ఫోనులో ఏవేవో చదివేది. నెలల తరబడి ఇట్టాగే ఉంటుందని, ఏ బాధ వచ్చినా పురుగులు చస్తున్న గుర్తేనని, ఓర్చుకోవాలని అందులో రాస్తారట. నెల్లూరు డాక్టరు గట్టిగానే చెప్పారు. ఆ రియాక్షను మొదటి రోజుదే. మూడు నాలుగు రోజులు దాటాక జ్వరం వస్తే దాన్ని ఆ ఖాతాలో వేయకండి, ఇది దోమల ఊరు, మలేరియానో డెంగీనో చూడాలి, తీసుకురండి అన్నారు. కంచం విసిరినందుకు మాత్రం మందు అక్కర్లేదు. సెలవులకని వచ్చిన పిల్లాడు వారం రోజులుగా నాలుగు గోడల మధ్య ఉన్నాడు. వాడి చేతే గోడ తుడిపించాం. పొద్దుగూకాక పొడుగు చేతుల చొక్కా వేసి తాతయ్య స్కూటరు మీద తుమ్మలపెంట తీసుకెళ్ళారు. ఉప్పునీళ్ళలో కాళ్ళు తడుపుకుని, నిద్ర ముంచుకొచ్చి, తాతయ్య వీపుకు ఆనుకుని వచ్చాడు.

క్రిమి నరాలకు పాకితే ముఖం ఒక పక్కకు జారుతుందని, కీళ్ళకు పాకితే మోకాలు వాస్తుందని చెప్పారు. అందుకని రోజూ పొద్దున పళ్ళు తోముకునేటప్పుడు వాణ్ణి ఏదో ఒకటి చెప్పి నవ్వించేదాన్ని. పెదవుల రెండు కొసలూ ఒకే ఎత్తున లేస్తున్నాయా అని చూసుకుని, అప్పుడు కాఫీ పెట్టుకునేదాన్ని. ఎందుకు చూస్తున్నానో వాడికి చెప్పే చూశాను. మూడో రోజు నుంచి వాడే అద్దంలో చూసుకుని "రెండు వైపులా ఓకే అమ్మమ్మా" అనేవాడు.

మా అమ్మాయి బాధ తగ్గడానికి ఒక సంగతి పనికొచ్చింది. లైమ్ అన్నది అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలో ఒక ఊరి పేరు. 1970ల్లో అక్కడ చాలామంది పిల్లలకు మోకాళ్ళు వాస్తుంటే, ఇది మామూలుది కాదని 1975లో ఆరోగ్య శాఖకు ఫోను చేసింది డాక్టర్లు కాదు, పాలీ ముర్రే అనే ఒక తల్లి, ఆమెలాంటి ఇంకో తల్లి. క్రిమి దొరికింది తర్వాత, 1981లో. "తామర అని మేమంతా అంటుంటే కాదన్నది నువ్వే గదమ్మా" అన్నాను. అప్పటి నుంచి మోకాలి వెనక మాట ఎత్తడం మానేసింది.

జులై 16న ఆఖరి మాత్ర అయింది. అప్పటికి మచ్చ లేత గులాబీ రంగు నీడలా మిగిలింది. ఆ మర్నాడే నెల్లూరులో రొట్టెల పండగ మొదలు. ఎండ వాలాక స్వర్ణాల చెరువుకు వెళ్ళి, నీళ్ళలో నిలబడి ఆరోగ్య రొట్టె పట్టుకున్నాం. ఇచ్చినామె ఎవరో, ఏ ఊరో తెలియదు. వాడి తల నిమిరి వెళ్ళింది. వాడు ఆ రొట్టెను కూడా రెండు చేసి లోపల చూశాకే తిన్నాడు. నాకు గుండెలో కలుక్కుమంది. ఏమీ అనలేదు.

ఒంటి నీరసం ఇంకో రెండు వారాలు ఉంది. వీధి చివరి దాకా పరిగెత్తి మధ్యలో కూర్చుండిపోయేవాడు. మెల్లగా అదీ పోయింది. ఆగస్టు మొదటి వారంలో తిరుగు ప్రయాణం. బయలుదేరే రోజు పొద్దున పెట్టెలు సర్దే హడావిడిలో నేనే నాలుగు ఇడ్లీలు వడ్డించి పొయ్యి దగ్గరికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి ఒకటి అయిపోయింది. రెండోది తుంచి, పచ్చడిలో అద్ది, టీవీ చూస్తూ నోట్లో పెట్టుకున్నాడు. కారప్పొడి కూడా కావాలన్నాడు.